కూల్ డ్రింకుల లైసెన్సు

మే నెల మొదటి మంగళవారం పొద్దున ఎనిమిది గంటలకు ఇమామ్ హుస్సేన్ తన కెఫెటేరియా కౌంటర్ వెనక కూర్చుని ఎండాకాలానికి ఒక పథకం వేశాడు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో, ఫ్యాక్టరీలకూ లేబర్ క్యాంపులకూ మధ్య, మసీదు గేటుకు నలభై అడుగుల దూరంలో ఉంది ఆ కెఫెటేరియా. పదకొండేళ్లుగా అక్కడ చాయ్, పరాటా, ఆమ్లెట్టు తప్ప మరొకటి దొరకదు. ఇకనుంచి జ్యూసులు, కూల్ డ్రింకులు కూడా పెట్టాలి. అందుకు లైసెన్సులో ఒక వరుస చేర్పించాలి.

"రమీజ్, ఆ కంప్యూటర్ పని ఈ పొద్దే అయిపోవల్ల. మధ్యాన్నం జొహర్ నమాజుకు ముందే," అన్నాడు.

"పది నిమిషాల పని మామూ," అన్నాడు రమీజ్.

రమీజ్‌ది ప్రొద్దుటూరు. బీకాం చదివాడు. ఇమామ్ హుస్సేన్ అతని భార్య సల్మాకు సొంత మేనమామ. వీసా, ఉద్యోగం, పడుకోడానికి మంచం, అన్నీ ఆయన ఇచ్చినవే. ఆయన అన్ని విషయాల్లోనూ మెత్తని మనిషి, మందు విషయంలో తప్ప. కిందటి చలికాలంలో వ్యాన్ డ్రైవర్ నోట్లోంచి ఏదో వాసన వచ్చిందని "ఖలాస్, పో" అని ఒక్క మాటతో పంపించేశాడు. అది దగ్గుమందు వాసనని తర్వాత తేలింది. అయినా తిరిగి పిలవలేదు.

రమీజ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. లైసెన్సుల వెబ్‌సైటులో ఇంగ్లీషు బటన్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. పేజీ అరబ్బీలోనే ఉండిపోయింది. అతను భయపడలేదు. చిన్నప్పుడు మద్రసాలో నేర్చుకున్నాడు కాబట్టి అరబ్బీ అక్షరాలు గడగడా చదవగలడు. అర్థం తెలియదు, అంతే. జాబితాలో వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. 'మష్రూబాత్' దొరికింది. పానీయాలని జ్యూసు డబ్బాల మీద చూసి తెలుసుకున్న మాట. దాని కింద మరో వరుసలో 'మష్రూబాత్ కుహూలియ్యా' అని ఉంది.

కుహూలియ్యా! రమీజ్ మొహం వెలిగింది. అరబ్బీలో 'ప' లేదు గనక వీళ్లు పెప్సీని బెబ్సీ అంటారు. అలాగే కూల్‌ను కుహూల్ అని ఉంటారు. కూల్ డ్రింకులు! దాని పక్కన టిక్కు పెట్టాడు. మామూ గుర్తింపు కార్డు, షాపు ఫొటో, మసీదు గేటు కూడా కనిపించే వీధి ఫొటో జతచేసి పంపేశాడు.

పదకొండు గంటలకు ఫోను మోగింది. మెయిల్ ఈసారి శుభ్రమైన ఇంగ్లీషులో ఉంది. మద్యం అమ్మకానికి శ్రీ ఇమామ్ హుస్సేన్ గారు పెట్టుకున్న దరఖాస్తు అందింది. తనిఖీ అధికారి బుధవారం పొద్దున పది గంటలకు వస్తారు. యజమాని స్వయంగా హాజరుగా ఉండాలి.

రమీజ్ ఆ మెయిల్‌ను మూడుసార్లు చదివాడు.  రద్దు చేసే బటన్ కోసం వెబ్‌సైటు అంతా వెతికాడు. దొరకలేదు. హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే అరగంట పాట వినిపించి, చివరికి ఒకావిడ ఎంతో మర్యాదగా చెప్పింది: దరఖాస్తు వెనక్కి తీసుకోవాలంటే యజమాని తనిఖీ అధికారి ఎదుట సంతకం పెట్టాలి.

యజమాని అంటే మామూ. మామూకు చెప్పాలి. ఏమని చెప్పాలి? మసీదు పక్కన నీ పేరు మీద బారు పెడుతున్నాను, వచ్చి సంతకం పెట్టమనా? దగ్గుమందుకే ఖలాస్ అన్న మనిషి. వీసా క్యాన్సిల్ అయితే నెలరోజుల్లో దేశం విడిచిపోవాలి. ప్రొద్దుటూరులో ఆటో దిగుతుంటే సల్మా గుమ్మంలో నిలబడి "ఎందుకు పంపించినాడు మామూ?" అని అడుగుతుంది. 'సారాయి వల్ల' అనాలి. తాగని సారాయి వల్ల.

గుండె బరువు దించుకోవడానికి వంటగదిలోకి వెళ్లి చాయ్ మాస్టర్ మల్లేశ్ చేత ఒట్టు వేయించుకుని సంగతి చెప్పాడు. మల్లేశ్‌ది నిర్మల్ దగ్గర పల్లె. నోరు మంచిదే కాని ఆగదు. "నేనెవ్వలకి చెప్తనన్నా," అన్నాడు. నిజంగానే ఎవరికీ చెప్పలేదు, జగిత్యాల పర్శరాములుకు తప్ప. అది కూడా చెప్పడం కాదు, సలహా అడగడం. పర్శరాములు సెంట్రింగ్ పని చేస్తాడు. మధ్యాహ్నం బస్సులో సైటుకు తిరిగి వెళ్తూ నలభై మంది దగ్గర అదే సలహా అడిగాడు. మందు మీద పన్ను తీసేశారన్న వార్త ఆ ఏడాది మొదట్లోనే క్యాంపుల్లో తిరిగింది గనక ఎవరూ అనుమానపడలేదు.

సాయంత్రం అయిదున్నరకు కెఫెటేరియాలో కూర్చోడానికి చోటు లేదు. వచ్చినవాళ్లందరూ ఒక చాయ్ చెప్పి, జ్యూసుల కోసం కొత్తగా తెప్పించిన ఖాళీ ఫ్రిజ్ వంక ప్రేమగా చూస్తున్నారు. పర్శరాములు రమీజ్‌ను పక్కకు లాగాడు.

"అన్నా, ఎప్పటిసంది షురూ?"

"ఏందీ లేదు. నువ్వు ఊరికే ఉండప్పా, నీకు దండం పెడతా."

"సమజైంది అన్నా. సప్పుడు చెయ్య," అని కన్నుకొట్టాడు పర్శరాములు.

ఇమామ్ హుస్సేన్ మాత్రం ఆ జనాన్ని చూసి ఉబ్బిపోయాడు. "చూసినావా రమీజ్! జ్యూసు మాట అప్పుడే బయటికి పోయినట్లుండాది," అంటూ స్వయంగా పర్శరాములు బల్ల దగ్గరికి వెళ్లాడు. 

"ఏ రకం కావాలప్పా మీకు? చెప్పండి, అదే తెప్పిస్తా."

పర్శరాములు లేచి నిలబడ్డాడు. "గింత పెద్దమనిషివి మమ్ముల అడుగుతున్నవ్ సేఠ్! ఏదైన మంచిదే. సల్లగుండాలె. జర తలకాయ తిరగాలె."

"తల తిరిగితే ఎట్లప్పా? ఎండలో పని చేసేవాళ్లు. నేను దాంట్లో అల్లం వేయిస్తా. తిరిగేది ఆగిపోతాది."

"అల్లమా?" పర్శరాములు పక్కవాడి మొహం చూశాడు. "సరే, కొత్త తరీక ఉండచ్చు. నువ్వు గూడ తాగుతవా సేఠ్?"

"రోజూ! తెల్లారి ఫజర్ నమాజు అయినాక ఇంట్లో ఒక పెద్ద గ్లాసు. డాక్టరే చెప్పినాడు. మా పిల్లలకు పాలు మాన్పించినప్పటి నుంచి అదే తాపించినాను."

పర్శరాములు కుర్చీలో మెల్లగా కూలబడ్డాడు. ఆ పెద్దమనిషిని తాము ఇన్నేళ్లూ ఎంత తప్పుగా అర్థం చేసుకున్నారో అతనికి మాటల్లో చెప్పడం చేతకాలేదు.

ఆ మాటలు విన్నది సెంట్రింగ్ వాళ్లు మాత్రమే కాదు. మూల బల్ల దగ్గర, బారు పుకారు అప్పటికే చెవిన పడిన ఇద్దరు మసీదు పెద్దలు చాయ్ సగంలో వదిలి, సలాం చెప్పకుండా లేచిపోయారు. పొద్దు గూకాక మగ్రిబ్ నమాజు అయ్యాక రోజూ వచ్చే గుంపు ఆ రోజు రాలేదు. రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బేకరీలోకి వెళ్లింది. ఇమామ్ హుస్సేన్ వాకిట్లో నిలబడి చెయ్యెత్తి పిలిస్తే వాళ్లు ఫోన్లు చూసుకున్నారు.

బుధవారం పొద్దున ఇంకా ఘోరంగా తెల్లవారింది. ఫజర్ నమాజు తర్వాత ఒక్కడు కూడా చాయ్‌కి రాలేదు. పది కావస్తుండగా సమీనా ఫోన్ చేసింది. ఆవిడ దగ్గర్లోని యూనిఫారాల కుట్టుపని యూనిట్‌లో సూపర్‌వైజరు. రోజూ నలభై పరాటా పార్సిళ్లు తీసుకుంటుంది.

"మీ కాడ నుంచి ఇంక వద్దు భాయ్. మా ఆడపిల్లలు మేము తినం అంటాండారు. నేను మిమ్మల్ని మా నాయన మాదిరి అనుకున్యా," అని పెట్టేసింది. ఆమె గొంతులో ఏడుపు ఉంది.

ఇమామ్ హుస్సేన్ ఫోను కౌంటర్ మీద పెట్టి, తల పట్టుకుని కూర్చున్నాడు. "రమీజ్, నా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా? నిన్నటి నుంచి జనం నా మొహం చూడ్డంలేదు. నేను ఎవరిదన్నా మనసు కష్టపెట్టినానా?"

 రమీజ్ అప్పటిదాకా తన వీసా గురించే భయపడుతూ ఉన్నాడు. ఇప్పుడు అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. పదకొండేళ్ల మంచి పేరు ఒక్క టిక్కుతో పోయింది. ఆ పెద్దాయన తప్పు తనదేనేమోనని వెతుక్కుంటున్నాడు.

"మామూ, నేను ఒకటి చెప్పవల్ల..." అని నోరు తెరిచాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. కందూరా అనే తెల్లటి పొడుగు అరబ్బు అంగీలో ఒక యువ అధికారి, చేతిలో ట్యాబ్‌తో లోపలికి వచ్చాడు. గడియారంలో సరిగ్గా పది. "ఇమామ్ హుస్సేన్ ఎవరు? లైసెన్సు దరఖాస్తు గురించి వచ్చాను," అన్నాడు చక్కటి హిందీలో.

ముందురోజు సాయంత్రం నుంచి తనను పలకరించిన మొదటి పెద్దమనిషి కావడంతో ఇమామ్ హుస్సేన్ ఆత్రంగా లేచాడు. కొత్త మిక్సీ, దానిమ్మ పళ్ల బుట్ట, ఫ్రిజ్ వరసగా చూపించాడు. "అంతా తాజా సరుకు సార్. చిన్నపిల్లలు కూడా తాగొచ్చు," అన్నాడు తనకొచ్చిన హిందీలో.

అధికారి ట్యాబ్ మీద రాయడం ఆపాడు. "చిన్నపిల్లలా? శరాబు?"

"ఏమి శరాబు?"

"మీరు అడిగింది శరాబు లైసెన్సు."

వంటగదిలో మల్లేశ్ చేతిలోని గిన్నె కింద పడింది. ఇమామ్ హుస్సేన్ "అస్తగ్‌ఫిరుల్లా" అంటూ రెండు చెవులూ పట్టుకున్నాడు. రమీజ్ కళ్లు మూసుకుని ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. కుహూలియ్యా అంటే కూల్ అనుకున్నానని కూడా చెప్పాడు.



"కూల్?" అన్నాడు అధికారి.

"కూల్ సార్. పెప్సీ బెబ్సీ అయినట్లు."

అధికారి తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాడు. భుజాలు చాలాసేపు కదిలాయి. తర్వాత గంభీరంగా ఇటు తిరిగి ట్యాబ్ చాపాడు. "ఇక్కడ సంతకం పెట్టండి. దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టు. రికార్డులో ఏమీ మిగలదు. అసలేమీ జరగనట్టే."

రమీజ్ ప్రాణం లేచి వచ్చింది. కాని ఇమామ్ హుస్సేన్ వేలు ట్యాబ్ దాకా వెళ్లి ఆగిపోయింది.

"కాగితం ఏమైనా ఇస్తారా సార్?"

"కాగితమా? వెనక్కి తీసుకుంటే కాగితం ఎందుకు?"

"అట్లయితే నేను సంతకం పెట్టను. మీరు కమిటీలో పెట్టి, ఈ దరఖాస్తును కొట్టేయండి. కొట్టేసినట్టు రాసి ముద్ర వేసి ఇవ్వండి."

అధికారి ఆయన్ను ఎగాదిగా చూశాడు. "ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇవ్వమని బతిమాలినవాళ్లున్నారు. కొట్టేయమని అడిగిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను," అని, వీధిలోకి వెళ్లి మసీదు గేటు దాకా అడుగులు కొలుచుకుని, నవ్వుకుంటూ కారెక్కాడు.

తలుపు మూసుకున్నాక రమీజ్ తలవంచుకుని నిలబడ్డాడు. "బట్టలు సర్దుకోమంటావా మామూ?"

"యాడికి పోతావు? ఆ కుహూల్ కథ నేను చెప్తే ఎవరు నమ్ముతారు? కాగితం వచ్చినాక నువ్వే వాకిట్లో నిలబడి, వచ్చినోళ్లకీ పోయినోళ్లకీ నీ నోటితో చెప్పవల్ల. సమీనా ఆపాకు ముందు చెప్పు."

నాలుగో రోజున కమిటీ నిర్ణయం వచ్చింది. మసీదుకు దగ్గరగా ఉన్నందున మద్యం అమ్మకానికి అనుమతి నిరాకరించడమైనది, అని గుండ్రటి ముద్ర. ఇమామ్ హుస్సేన్ దానికి అద్దం కట్టించి కౌంటర్ పైన వేలాడదీశాడు. రమీజ్ వారం రోజులు దాని కింద నిలబడి తన అరబ్బీ పాండిత్యాన్ని వివరించాడు. మసీదు పెద్దలు కడుపు పట్టుకుని నవ్వి, రెండేసి చాయ్‌లు తాగి వెళ్లారు. సమీనా నలభై పార్సిళ్లను అరవై చేసింది. చుట్టుపక్కల మందు లేదని సర్కారే రాసిచ్చిన దుకాణం ఇదొక్కటేనని చెప్పుకుని, క్యాంపుల అవతల ఉన్న ఇళ్ల నుంచి కుటుంబాలు కూడా రావడం మొదలుపెట్టాయి. ఈసారి జ్యూసుల దరఖాస్తును టైపింగ్ సెంటరులో అరబ్బీ తెలిసినవాడి చేత పెట్టించారు.

ఆ నిర్ణయం మీద ముప్పై రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చని ఉన్న చివరి వరుసను మాత్రం పర్శరాములు ఇరవై తొమ్మిది రోజులూ వచ్చి చదివించుకుని వెళ్లాడు.