కోటి డబ్బాల పాట

విశాఖపట్నానికి పోర్టుంది, ఉక్కుంది, సముద్రముంది, సముద్రం మీదికి డాల్ఫిన్‌లా ముక్కు చాచిన కొండుంది. లేనిదల్లా ఒక్క విషాద ప్రేమగీతం. ఆ లోటుని కూడా ఉగాదిలోగా తీర్చేస్తామని సాంస్కృతిక, పారిశుద్ధ్య శాఖల మంత్రి గురువులుగారు ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. టెండర్లు పిలిస్తే ఆలస్యమవుతుందని పాట తానే రాస్తానన్నారు, తానే పాడతానన్నారు. విలేకరులు చప్పట్లు కొట్టారు. జీడిపప్పు పొట్లాలు అప్పటికింకా పంచలేదు కాబట్టి అవి నిజమైన చప్పట్లే.

అన్న మాట ప్రకారం రాశారు కూడా.

"నువు అలవై వచ్చావు, అలిగి వెళ్ళావు,
నే డాల్ఫిన్ ముక్కు మీద వేలేసుకున్నాను..."

పల్లవి ఇంత అందంగా కుదిరాక ఇక కావలసింది గొంతు. మంత్రిగారు స్టూడియోలో ఒక్కసారి పాడి వినిపించారు. సౌండింజినీరు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, మిషన్లో ఏదో ప్రాబ్లముందన్నాడు. మూడు మిషన్లు మార్చారు. ప్రాబ్లం పోలేదు.

ఇక్కడే మన రత్నరాజుకి యోగం పట్టింది.

రత్నరాజు ఫిషింగ్ హార్బర్ వైపు తిరిగే చెత్తబండి డ్రైవరు. అవుట్‌సోర్సింగు. పద్నాలుగేళ్ళుగా ఏటా డిసెంబరు ముప్ఫయ్యొకటిన ఉద్యోగం పోయి, జనవరి రెండున మళ్ళీ వచ్చే మనిషి. మధ్యలో ఆ ఒక్కరోజూ వాళ్ళింట్లో ఎవరికీ అన్నం సహించదు. బండి మైకు పాడైపోతే అర్జీ పెట్టి, అది బాగయ్యేలోగా తనే పాడుకుంటూ తిరుగుతున్నాడు. ఆదివారాలు చర్చి కోయిర్లో పాడే గొంతు. అది విని మంత్రిగారి పీఏ ఉమామహేష్ కారాపించాడు.

"ఏం పేరయ్యా నీది?"

"రత్నరాజండి."

"నీ పేరు అదే ఉంచుకో. నీ గొంతు పేరు మాత్రం ఇవాళ్టినుంచి గురువులుగారు. అర్థమైందా?"

"అయితే నాకేటి వొత్తాదండి?"

"పాట విన్న లెక్క కోటి దాటితే పర్మినెంటు ఆర్డరు. మంత్రిగారే స్టేజి మీద నీ చేతికిస్తారు. ఎక్కడైనా నోరు జారావో, నీకు జనవరి రెండు రాదు."

ఇంటికెళ్ళి చెపితే చేపలు తోముతున్న ఆరోగ్యమ్మ మొగుణ్ణి చూసి నవ్వింది.

"నీ గొంతుకి ఆయన మొకమా? ఆ మొకాన్ని సూసి నీ గొంతు దడుసుకోదేటి?"

"నవ్వకే. పర్మినెంటంటే ఏటనుకున్నావ్? రిటైరయ్యేదాకా నన్నెవుడూ పీకనేడు."

"కోటికెన్ని సున్నాలో తెలుసునా?"

"ఏడు."

"సదువుకున్నోడివే," అని ఆరోగ్యమ్మ చేప తిరగేసింది.

పాట నెట్లో విడుదలైంది. మూడు వారాల్లో నాలుగువందల పన్నెండుసార్లు విన్నారు. అందులో మూడువందల తొంభై సార్లు ఉమామహేషే. రెండు రత్నరాజు, ఒకటి ఆరోగ్యమ్మ. అదీ సగమే విని, ఇంకా బియ్యం ఏరాలంది. రాజధానిలో మంత్రుల్ని మారుస్తారని పుకారు లేచింది. మంత్రిగారు దిగులుతో భోజనం మానేసి టిఫిన్ల మీదే బతుకుతున్నారు.

అప్పుడు ఉమామహేష్ చెవి దగ్గర వంగాడు.

"సార్, పారిశుద్ధ్యం కూడా మనదే కద సార్."

మర్నాటినుంచి ఊళ్ళో చెత్తబండ్లన్నిటికీ అదే పాట. తెల్లారి ఆరింటికి పల్లవి ఎత్తుకోగానే యారాడ నుంచి పెందుర్తి దాకా జనం పరుగే పరుగు. నోట్లో బ్రష్షుతో ఒకరు, సగం జడతో ఒకరు, జారే లుంగీ ఒడిసి పట్టుకుని ఒకరు. మెట్లు దిగలేని ముసలాళ్ళు పై అంతస్తు నుంచి "ఆగయ్యా, ఆగు!" అని ప్రాధేయపడ్డారు. ఇంతటి ఆదరణకి ఏ గాయకుడు నోచుకున్నాడు? శానిటరీ ఇనస్పెక్టర్లు లెక్క రాశారు. తడిచెత్త డబ్బా ఒక వినికిడి, పొడిచెత్త డబ్బా ఒక వినికిడి. తొమ్మిదో రోజుకి కోటి దాటింది.

టీవీ చర్చలో ఒక విమర్శకుడు కళ్ళద్దాలు తుడుచుకుని, "ఈ పాటలో ఏదో ఉందండీ. వినగానే లోపలున్నదంతా బయట పారేసి రావాలనిపిస్తుంది," అన్నాడు. పెందుర్తిలో ఒక పెళ్ళిలో బ్యాండువాళ్ళు ఈ పాట ఎత్తుకునేసరికి పెళ్ళికూతురి మేనత్త ఎంగిలాకులు మోసుకుంటూ వీధిలోకొచ్చేసింది.

ఇక విజయోత్సవం. హార్బరు పక్క మైదానంలో సాయంత్రం అయిదింటికి, లైవ్. లైవంటే లైవే, రికార్డు పెడితే జనాన్ని మోసం చేసినట్టవుతుందని మంత్రిగారు పట్టుబట్టారు. అందుకని రత్నరాజుని మైకుతో సహా తెర వెనక కూచోబెట్టారు. మూడో చరణం పాడేశాక అతను ముందుకొచ్చి చెయ్యి చాచాలి. పేద కార్మికుడికి మంత్రిగారు జేబులోంచి ఆర్డరు తీసి ఇవ్వాలి. రెండుసార్లు రిహార్సల్ చేశారు.

బండ్లన్నీ కుర్చీలు మోసే డ్యూటీకి పోయాయి. రెండు రోజులు ఊళ్ళో చెత్త ఎత్తలేదు. ఆటోలు మాత్రం వాడవాడలా తిరిగి, "రేపు సాయంత్రం అయిదింటికి హార్బర్ మైదానంలోకి పాట వస్తోంది, అందరూ రండి!" అని చాటాయి.

అందరూ వచ్చారు. ఒక్కరూ వట్టి చేతుల్తో రాలేదు.

"ఏం ఫాలోయింగ్ సార్! అందరూ ఏవేవో తెచ్చారు సార్!" అన్నాడు ఉమామహేష్.

"కానుకలు పుచ్చుకోనని చెప్పు. బలవంతం చేస్తే పుచ్చుకుంటానని కూడా చెప్పు," అన్నారు మంత్రిగారు.

స్టేజికి ఒక వైపు తడిచెత్త ఆకుపచ్చ డబ్బాలు, ఒక వైపు పొడిచెత్త నీలం డబ్బాలు, వాటికి బంతిపూల దండలు. మంత్రిగారు గుండె మీద చెయ్యేసుకుని, భావం కోసం కళ్ళు మూసుకున్నారు. తెర వెనక రత్నరాజు ఎత్తుకున్నాడు. ఆ పూట గొంతు తేనెలా సాగింది.

రెండో చరణం అవుతుండగా రొయ్యలు వలిచే సన్యాసమ్మ బకెట్టుతో స్టేజెక్కింది. అభిమానుల్ని ఆపొద్దని పోలీసులకి ఆర్డరు.

"ఇదిగో, తీస్కో బాబూ. రెండ్రోజులనాటి రొయ్య తలకాయలు. ఇల్లు కంపెత్తిపోతన్నాది."

మంత్రిగారు పెదవులు కదుపుతూనే ఉన్నారు.

"ఏటయ్యా, సెవుడా? పాటెయ్యడమే గానీ ఎత్తడం రాదేటి నీకు?"

ఆవిడ బకెట్టు ఎత్తి, దగ్గర్లో ఉన్న నీలం డబ్బాలోకి వంచబోయింది. వెనకే మరొకతను పగిలిన సీసాలు పట్టుకుని ఆకుపచ్చ డబ్బా వైపు పోతున్నాడు. రత్నరాజు తెర సందులోంచి చూశాడు. ఆర్డరుకి ఇంకా ఒక్క చరణమే ఉంది. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి చూశాడు. పద్నాలుగేళ్ళ అలవాటు ఊరుకోనిస్తేగా. పాట ఆపేసి ఒక్క దూకు దూకాడు.

"అమ్మా, అమ్మా! కలిపీకండి! తడి ఇటు, పొడి అటు! లైనుగా రండి!"

"అదిగో, బండి బాబొచ్చినాడర్రా!" అని సన్యాసమ్మ కేకేసింది. మైదానమంతా చప్పట్లు మోగిపోయాయి. లైను ఐసు ఫ్యాక్టరీ దాటింది.

మంత్రిగారు మూడో చరణం పూర్తిగా పెదవులతోనే పాడారు. శబ్దం లేదు. ఎవరూ గమనించలేదు. సౌండింజినీరు మాత్రం మిషన్ ఇప్పుడు బాగుందన్నాడు.

చరణమయ్యాక రిహార్సల్ ప్రకారం మంత్రిగారు కళ్ళు తెరిచి, జేబులోంచి కవరు తీసి, ఎదురుగా చాచి ఉన్న చేతిలో పెట్టారు. కెమెరాలు మెరిశాయి. రత్నరాజు కవరు చింపి కాగితం విప్పాడు. ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. రెండు వైపులా తెల్లగానే ఉంది.

"పొడి," అని నీలం డబ్బాలో వేశాడు. "తరవాత ఎవులమ్మా?"