సర్వేయరు దిద్దిన టికెట్టు

ఉదయం ఐదున్నరకు టాక్సీ, ఎనిమిదింటికి విమానం, పన్నెండింటికి ఇంటర్వ్యూ. పథకం భేషుగ్గానే ఉంది. ఐదుంపావుకు సర్వేయరు టికెట్టు తీసి చదివాడు. అంతటితో పథకం కాస్తా కుప్పకూలింది.

రెండు దేశాల ఉమ్మడి సర్వే సంస్థలో ఆయనది ఇరవై ఆరేళ్ల సర్వీసు. భార్య అక్కడే పటాలు గీస్తుంది. ఈ ఊరి శాఖకు అధికారి పదవి ఖాళీ అయితే, పక్క దేశంలోని ప్రధాన కార్యాలయం ఇద్దరినీ ఇంటర్వ్యూకు పిలిచింది. ఆ కుర్చీ కోసం ఆయన పదేళ్లుగా కాచుకుని ఉన్నాడు. భార్యను తనకు తోడుగా పిలిచారని ఆయన నమ్మకం.

"ఎనిమిదింటికి బయలుదేరి పదింటికి చేరుతుందట! ఎవడు రాశాడీ దరిద్రం?" అని ఒంటికాలి మీద లేచాడు. "పటం మీద నేనే కొలిచాను. ఆరువందల కిలోమీటర్లు. గంట ప్రయాణం!"

"అది కాదండీ, అక్కడి టైము..."

"అక్కడా లేదు, ఇక్కడా లేదు! దూరాల గురించి నువ్వా నాకు చెప్పేది?"

విమాన సంస్థకు ఫోన్ చేస్తే, ప్రయాణం గంటేనని అక్కడి అమ్మాయీ చెప్పింది. ఇంకేం, ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పదింటికి చేరాలంటే తొమ్మిదింటికే బయలుదేరాలి! ఆఫీసులో తప్పు కొలతను దిద్దినట్టే, ఎర్ర కలంతో 8 కొట్టేసి, 9 వేసి, పక్కన పొడి సంతకం గిలికాడు.

"నేను ఈ టాక్సీలోనే వెళ్తానండీ" అంది భార్య, తన టికెట్టు సంచిలో దాచుకుంటూ.

"వెళ్లు! అక్కడ గంటసేపు గోళ్లు గిల్లుకుంటూ కూర్చో!"

ఆయన ఎనిమిదింపావుకు తాపీగా విమానాశ్రయం చేరాడు.

"మీ విమానం వెళ్లిపోయింది సార్" అంది కౌంటరు అమ్మాయి. "అక్కడి గడియారం మనకంటే గంట ముందుంటుంది కదా?"

"ఆ ముక్క పొద్దున ఫోన్లో ఏడవొచ్చుగా!"

"టికెట్టు మీదే ఉంటుంది సార్... ఇదేంటి, ఎవరు దిద్దారు?"

"నేనే! సంతకం కనబడట్లేదా?"

తొమ్మిదిన్నర విమానంలో సీటుంది. కానీ ఆ అమ్మాయి అప్పటికే కాపలావాళ్లను పిలిచేసింది. కిటికీ లేని గదిలో కూర్చోబెట్టి, టికెట్టు దిద్దే అధికారం ఎవరిచ్చారని అడిగారు. "ఇరవై ఆరేళ్ల సర్వీసు!" అని ఆయన బల్ల గుద్దాడు. ఆయన గొంతు పెంచినకొద్దీ వాళ్ల ప్రశ్నలు పెరిగాయి. వదిలేసరికి ఆ విమానమూ ఎగిరిపోయింది.

కోపం నషాళానికంటి ప్రధాన కార్యాలయానికి ఫోన్ కొట్టాడు. "నా కొలత తప్పు కాదు సార్! మీ టైమే తప్పు!"

"మా దేశం మొత్తానిదా?" అని అడిగి డైరెక్టరు ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం భార్య ఫోన్ చేసింది. "మీకింకో రోజు ఇమ్మని ఎంత బతిమాలినా వినలేదండీ. ఆ పదవి నాకిచ్చారు."

సర్వేయరుకు ఏడుపొచ్చినంత పనైంది. పదేళ్ల ఆశ మరి. అయినా నోరు ఊరుకోదే! "అయితే సోమవారం నాకు సెలవు కావాలి! ఇప్పుడే చెప్తున్నా, రాసుకో!"

అధికారిగా ఆమె జారీ చేసిన మొదటి ఉత్తర్వు, సెలవు అర్జీలు ఇంటి దగ్గర స్వీకరించబడవని.