శుక్రవారం కుట్ర

"ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు, అన్నయ్యా. నేను పట్టుకున్నవాళ్ళు, నేను పట్టుకోబోయేవాళ్ళు."

ఈ మాట అన్నప్పుడు మా తోడల్లుడు నా కొట్లో గుండీల డబ్బాల మధ్య స్టూలు మీద కూర్చుని, నేను తెప్పించిన టీ తాగుతున్నాడు. మొదటి రకం అర ఇప్పటిదాకా ఖాళీయేనని నాకు తెలుసు. రెండో రకంలో మాత్రం సరుకు నిండుగా ఉంది. అందులో నేనూ ఉన్నాను, అతని సొంత పెళ్ళామూ ఉంది. ఉద్యోగం మానేసి డిటెక్టివ్‌నని ప్రకటించుకున్నాక అతను ఛేదించిన కేసు ఒక్కటే. పొరుగింటావిడ పిల్లి తప్పిపోతే వెతికి తెచ్చాడు. తెచ్చింది వేరే పిల్లిని. అసలు పిల్లి ఆవిడ డాబా మీదే నిద్రపోతోంది. ఇప్పుడావిడ రెండు పిల్లుల్ని సాకుతోంది, ఇతన్ని చూస్తే తలుపేసుకుంటోంది.

నేను గుండీలు, దారాలు, జిప్పులు టోకున అమ్ముతాను. మనుషుల్ని కూడా సరుకులాగే చూడడం నాకలవాటు. ఎంత బరువు, ఏ పాటి నాణ్యం, ఎన్నాళ్ళు నిలవుంటుంది అని. తోడల్లుడనేవాడు వాపసు తీసుకోని సరుకు. పెళ్ళితోబాటు వచ్చింది, అరలో ఉండనివ్వాల్సిందే.

అంతలో టైలరమ్మ ఒక మూట తెచ్చి బల్ల మీద దభీమని పడేసింది.

"ఏమండీ, నేను మీ యాప్‌లో అడిగింది తెల్ల చొక్కా గుండీలు. వచ్చింది నల్ల కోటు గుండీలు. అదీ రెండింతలు! చొక్కాలకి ఇవి కుట్టిస్తే వేసుకున్నవాడు నన్ను కుట్టేస్తాడు."

"మొన్నటిదాకా బాగానే ఉందిగా అమ్మా."

"నిన్న శుక్రవారం కదండీ. రెండు వారాలకోసారి మీ యాప్ కొత్తది వస్తుంది. వచ్చినప్పుడల్లా నా కొంప మునుగుతుంది."

తోడల్లుడి చేతిలో కప్పు గాల్లో ఆగింది. కళ్ళు చిన్నవయ్యాయి.

"అన్నయ్యా, విన్నారా? రెండు వారాలకోసారి. శుక్రవారమే. ఇది పొరపాటు కాదు. కుట్టు సామాను కొట్లో కుట్ర!"

నా కొట్టుకి ఆర్డర్లు తీసుకునే ఆ యాప్ తయారుచేసేది మా పక్క వీధిలోని చిన్న కంపెనీ. యజమానికి పరుగుల దొర అని నేనే పేరు పెట్టాను. ఎందుకంటే అతను పనిని రెండేసి వారాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని స్ప్రింట్ అంటాడు, అంటే పరుగట. ప్రతి పరుగు చివరి శుక్రవారం కొత్త యాప్ బయటికి పోవాలి. అది పోయేముందు తప్పులు పట్టే టెస్టర్ ఉద్యోగం మా మేనకోడలిది. వాళ్ళ నాన్న మంచం పట్టాక ఇల్లు నడిచేది ఆ పిల్ల జీతంతోనే.

నేను ఫోన్ చేసి దులిపేస్తే పరుగుల దొర చల్లగా అన్నాడు: "మీ బంధువని ఊరుకున్నానండీ. వచ్చే విడుదలలో ఒక్క తప్పు బయటపడినా ఆ అమ్మాయిని పంపించేస్తాను. తప్పులు పట్టడానికేగా జీతమిస్తున్నది?"

నేను గుండీల గురించి అడిగితే అతను పిల్ల ఉద్యోగం కోసేస్తానంటాడు! మాట్లాడదామని సోమవారం బయల్దేరాను. పిలవకపోయినా తోడల్లుడు వెంటపడ్డాడు, నల్ల కళ్ళజోడుతో. మెట్లు చీకటిగా ఉన్నాయి. మొదటి మలుపులోనే చీపురు బకెట్‌ని తన్ని, "శత్రువు మన రాకని పసిగట్టాడు" అని గుసగుసలాడాడు.

లోపల గోడంతా పసుపుపచ్చ చీటీలు. పైన మూడు మాటలు: చెయ్యాలి, చేస్తున్నాం, అయిపోయింది. తోడల్లుడు వాటికి ముక్కు ఆనించి చదివి, చరాలున వెనక్కి తిరిగాడు.

"అన్నయ్యా, హత్య! 'పాత కార్ట్‌ని చంపాలి' అని రాసుంది. ఎవరీ కార్ట్? ఏ దేశంవాడు?"

"అది మనిషి కాదండీ," అన్నాడు పరుగుల దొర. "యాప్‌లో సరుకు వేసుకునే బుట్ట."

"అని మీకు చెప్పారు," అన్నాడు తోడల్లుడు, జాలిగా.

ఇలాంటివాణ్ణి నేనైతే అక్కణ్ణుంచే మెట్లు దింపేవాణ్ణి. పరుగుల దొర మాత్రం కుర్చీ వేయించాడు. లెక్క తేలికే. పద్ధతి తప్పంటే ఆ పద్ధతి పెట్టినవాడు తలొంచాలి. దొంగ ఉన్నాడంటే ఎవరో ఒకరి మెడ దొరుకుతుంది. "మాలోనే ఎవరో చెడగొడుతున్నారని నాకూ అనుమానమేనండీ. కానివ్వండి," అన్నాడు.

అనుమానితులు ఇద్దరు. ఒకడు యాప్ రాసే ప్రోగ్రామర్. చెవుల మీంచి హెడ్‌ఫోన్ తియ్యడు కనక అందరూ అతన్ని అదే పేరుతో పిలుస్తారు. రెండో మనిషి మా మేనకోడలు. ఆమెది నడవాకి అవతల, సామాన్లు పడేసే గది. తప్పులు చేసేవాళ్ళూ పట్టేవాళ్ళూ ఒకచోట ఉంటే కలిసిపోతారని పరుగుల దొర సిద్ధాంతం.

"సొంత పిల్లని అనుమానిస్తావా?" అన్నాను.

"నేరానికి చుట్టరికం లేదు, అన్నయ్యా." కళ్ళజోడు సవరించుకుని ఆమె ఎదుట కూర్చున్నాడు. "చెప్పమ్మా, పరుగు మొదలైన మొదటివారం నువ్వేం చేస్తుంటావు?"

"ఎదురుచూస్తుంటాను, మామయ్యగారూ."

"ఎదురుచూపా! పులి చేసేదీ అదే. రెండోవారం?"

"అప్పుడూ అంతే. అతను మొత్తం రాయడం ముగిస్తేగాని నా చేతికి రాదు. వచ్చేసరికి శుక్రవారం మధ్యాహ్నం అవుతుంది. సాయంత్రానికి బయటికి పోవాలంటారు. నాకు మిగిలేది టీ చల్లారేంత సేపు. వారాలకొద్దీ వండి, వడ్డన మొదలయ్యాక ఉప్పు చూడమన్నట్టు."

"దొరికిన తప్పు చెప్పవా?"

"చెప్తాను. అతను ఎప్పుడో మొదటివారం రాసింది, గుర్తుండదు. హడావిడిగా ఒకటి దిద్దితే ఇంకోటి ఊడుతుంది. దాన్ని మళ్ళీ చూసే వేళ ఉండదు."

నాకు విషయం అక్కడే అర్థమైంది. మూట కట్టేముందు చూడాల్సిన సరుకుని లారీ కదిలాక చూడమంటే ఎవరు మాత్రం ఏం చూస్తారు? కానీ మా డిటెక్టివ్ బయటికొచ్చి నా చెవిలో, "విన్నారా? రోజులకొద్దీ ఖాళీ, చివరి పూటే తప్పులు. అవి అంతసేపూ ఎక్కడ దాస్తోందో కనిపెట్టాలి," అన్నాడు.

కొత్త పరుగు ఆ రోజే మొదలైంది. నడవాలో కుర్చీ వేసుకుని మా వాడు నిఘా పెట్టాడు. కుడివైపు హెడ్‌ఫోన్, ఎడమవైపు మేనకోడలు. మెడ అటు తిప్పి, ఇటు తిప్పి, పొద్దుగూకేదాకా గోడగడియారం లోలకంలా ఊగాడు. మర్నాడు లేచేసరికి మెడ కుడివైపుకి పట్టేసింది. ఎడమకి తిప్పబోతే కేక పెట్టాడు.

నేను సంతోషించాను, ఇంట్లో పడుంటాడని. ఆ ఆశా వమ్మయింది. తలని దొంగచూపు చూసే కోడిలా వంచుకునే ఆఫీసుకెళ్ళి హుకుం జారీ చేశాడు. "నా చూపు ఇప్పుడు ఒకే దిక్కుకి పోతుంది. అనుమానితులిద్దరూ ఆ దిక్కులోనే ఉండాలి. అమ్మాయి బల్ల తెచ్చి అతని బల్లకి ఆనించండి!"

"రెండు వారాలకేనా?" అన్నాడు పరుగుల దొర. "సరే. ఎలాగూ ఇదే ఆమె ఆఖరి పరుగు కావచ్చు."

బల్ల కదిలింది. మేనకోడలు రోజూ సాయంత్రం ఇంటికెళ్తూ కొట్టు దగ్గర ఆగేది. మొదట మొహం వాడిపోయి ఉండేది. "వెనకాల ఆయన చూపు వీపుకి గుచ్చుకుంటోంది, మామయ్యా," అనేది. తర్వాత్తర్వాత ఆగకుండా చెయ్యి ఊపి వెళ్ళిపోయేది. భయం పెరిగి మొండిదైపోయిందనుకున్నాను.

ఆఖరి శుక్రవారం వచ్చింది. సాయంత్రం అందర్నీ గోడ ముందు నిలబెట్టి తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు. మెడ ఇంకా కుడికే ఉంది కాబట్టి అతను ఎవరితో మాట్లాడాలన్నా ఒళ్ళంతా తిరగాల్సి వస్తోంది.

"కొత్త యాప్ గంట కిందట బయటికి పోయింది. ఏ క్షణాన్నైనా ఫిర్యాదులు మోగుతాయి. ఈలోగా నిజం చెప్తాను. ఈ ఇద్దరూ కుమ్మక్కయ్యారు!"

మేనకోడలు పాలిపోయింది. పరుగుల దొర తల పంకించాడు. "నేననుకుంటూనే ఉన్నాను. అమ్మాయీ, నీ సామాను సర్దుకో."

నేను అడ్డం వెళ్ళాను. "ఆగండి," అన్నాను. "తమ్ముడూ, కుమ్మక్కంటే ఏమిటి? ఏం మాట్లాడుకున్నారో చెప్పు."

"అక్షరం పొల్లుపోకుండా చెప్తాను! మొదటిరోజు ఈమె, 'ఇక్కడ వేలు జారి రెండుసార్లు నొక్కితే?' అంది. అతను, 'ఎవరు నొక్కుతారు?' అన్నాడు. 'టైలరమ్మ నొక్కుతుంది, ఇంకో చేతిలో కత్తెరుంటుంది' అంది. కత్తెర, అన్నయ్యా! మారణాయుధం!"

"అప్పుడతనేం చేశాడు?"

"ఏదో టకటకా కొట్టి, 'ఇప్పుడు నొక్కి చూడు' అన్నాడు. నొక్కింది. ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు, 'తెలుపు ఎంచి వెనక్కెళితే నలుపైపోతోంది' అంది. అతను ఒక చెవి హెడ్‌ఫోన్ తీశాడు. మొదటివారం ముగిసేసరికి రెండో చెవీ తీసేశాడు! పొద్దున అతను రాయడం, మధ్యాహ్నం ఈమె గిల్లడం, సాయంత్రం ఇద్దరూ కలిసి సాక్ష్యాలు మాయం చెయ్యడం. రోజూ ఇదే తంతు. అంత పకడ్బందీ ముఠా ఇది. ఇవాళ మధ్యాహ్నానికి ఈమె చేతిలో ఒక్క తప్పు మిగల్లేదు. అన్నీ ఎక్కడ దాచారో వాళ్ళకే తెలియాలి!"

ఏ వకీలూ ఇంతకంటే బాగా ఆ పిల్ల తరఫున వాదించలేడు. పరుగుల దొర నోరు తెరుచుకుంది. తెలివి అతని మొహం మీదికి, అలవాటులేని ఇంటికొచ్చిన చుట్టంలా, తడబడుతూ వచ్చింది.

నా ఫోన్ మోగింది. తోడల్లుడు, "ఫిర్యాదు!" అని అరిచాడు. పరుగుల దొర ఫోన్ వైపు వేలు చూపించాడు, అందరూ వినేలా స్పీకర్ పెట్టమని. అవతల టైలరమ్మ.

"ఏమండీ, మీ యాప్‌కి ఏమైంది?"

మేనకోడలు కళ్ళు మూసుకుంది.

"ఏం జరిగిందమ్మా?"

"ఏం జరగలేదు, అదే విడ్డూరం! తెల్లవి అడిగితే తెల్లవే రాసుకుంది. పొరపాట్న రెండుసార్లు నొక్కినా ఒక్కసారే తీసుకుంది. మంచిదో కాదో తెలియక అడుగుతున్నాను."

"మంచిదేనమ్మా," అన్నాను.

పరుగుల దొర అప్పుడే అసలు రంగులోకి వచ్చాడు. "చూశారా, రాసినరోజే పరీక్షించడమనే కొత్త పద్ధతి! చాలాకాలంగా నా ఆలోచనలో ఉన్నదే." తోడల్లుడు ఒళ్ళంతా అతనివైపు తిప్పి, "అదేం కాదు, నా చూపుకి జడిసి ముఠా నేరం మానుకుంది," అన్నాడు. లాభం వచ్చినచోట వాటాదారులు పుట్టుకొస్తారు, అది ఏ బజారులోనైనా ఉన్నదే.

"సరే అమ్మాయీ, నువ్వు ఉండొచ్చు," అన్నాడు పరుగుల దొర, దానం చేస్తున్నట్టు. "నిఘా అయిపోయింది గనక, నీ బల్ల మళ్ళీ ఆ గదిలోకి..."

"బల్ల ఇక్కడే ఉంటేనే ఉంటాను సార్," అంది మేనకోడలు. గొంతు చిన్నదే, మాట మాత్రం గట్టిది. "చివరిపూట చూసి, నిందలు మొయ్యడం ఇక నావల్ల కాదు."

"అలా షరతులు పెడితే ఎలా? పద్ధతంటూ ఒకటుంటుంది..."

హెడ్‌ఫోన్ లేచి నిలబడ్డాడు. అతని గొంతు నేను వినడం అదే మొదలు.

"ఆ బల్ల కదిలితే నాది కూడా కదుల్తుంది సార్. మెట్ల కిందికి."

పరుగుల దొర అతన్ని చూశాడు, ఆమెని చూశాడు. హెడ్‌ఫోన్ కూడా పోతే యాప్ రాసేవాడే ఉండడు. ఎంత మొద్దు వ్యాపారికైనా ఆ కూడిక వస్తుంది. "సరే, సరే, ఉండనివ్వండి," అన్నాడు.

ఆ ఇద్దరూ మళ్ళీ కుర్చీల్లో కూర్చుని ఒకే తెర మీదికి వంగారు. తోడల్లుడు మెడ పట్టుకుని, నా చొక్కా లాగాడు.

"నేను చెప్తే విన్నారా, అన్నయ్యా? కుమ్మక్కే!"