బిస్కెట్ డబ్బాలో బడి

ఆ సోమవారం పొద్దున సైన్సు మాస్టారు చేయవలసిన పనులు అయిదు. ఒకటి, బడికి వెళ్ళి ప్రయోగశాల పక్కనున్న చీకటి కొట్లో బిస్కెట్ డబ్బాలోకి ఫోటో కాగితం ఎక్కించడం. రెండు, మూత చుట్టూ నల్లటి కరెంటు టేపు మూడు వరసలు చుట్టడం. మూడు, పదకొండు మంది టీచర్లను నాలుగు నిమిషాలు కదలకుండా నిలబడమని బతిమాలడం. నాలుగు, వాళ్ళ ఫోటో తీసి మధ్యాహ్నం పన్నెండింటిలోపు హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పెట్టడం. అయిదు, ఆ డబ్బాలో ఉండవలసిన గుండీలు ఇప్పుడెక్కడున్నాయో భార్యకు నెమ్మదిగా చెప్పడం.

అయిదో పని దానంతటదే అయిపోయింది.

"ఏవండీ, నా దిండు గలగలమంటోందేమిటి?"

"గుండీలు. గలీబులో పోశాను. సాయంత్రం తీసేస్తాను."

"మొన్న కుక్కరు పట్టుకుపోయారు. అటుమొన్న చెప్పుల పెట్టె. ఈ ఇంట్లో మీరు చిల్లు పెట్టకుండా వదిలింది నన్నొక్కదాన్నే."

"ఇదే ఆఖరుది" అని మాస్టారు డబ్బా చంకన పెట్టుకుని బయటపడ్డారు. ఆ మాట కుక్కరప్పుడు కూడా అన్నారు.

మాస్టారి పట్టుదలకు కారణముంది. ఆ బడిలో ప్రయోగశాల అంటే ఒక గది, రెండు బల్లలు, ఒక చీకటి కొట్టు. విరిగిన బెంచీలు పెట్టుకోవడానికి ఆ గది కావాలని హెడ్‌మిస్ట్రెస్ ఏడాదిగా అడుగుతున్నారు. కటకం లేకుండా, సూది మొనంత చిల్లుతో ఫోటో తీసే కెమెరాను పిల్లల చేత చేయిస్తానని, దానికి ఆ గది ఉండాలని మాస్టారు వాదించారు. సరే, ముందు మీరు తీసి చూపించండి అన్నారావిడ.

చెప్పుల పెట్టె మూలల్లోంచి వెలుతురు దూరి కాగితం మసిబొగ్గయింది. అగ్గిపెట్టె కెమెరా బాగానే పనిచేసింది గానీ, ఫోటో గోరంత వచ్చింది. కుక్కరుకు ఆవిరి చిల్లు ఎలాగూ ఉంది కదా అని అలాగే వాడితే, అది మూత మీద ఉండడం వల్ల పైకప్పుకున్న ఫ్యాను ఫోటో వచ్చింది. గుండ్రటి పాలపొడి డబ్బాలో బడి మొత్తం వచ్చింది, అరటిపండులా వంగి. అయినా మాస్టారు సంబరంగా తీసుకెళ్ళి చూపించారు.

"ఇది ఎప్పుడు తీశారు?" అని హెడ్‌మిస్ట్రెస్ అడిగారు.

"ఆటల పీరియడులో మేడమ్."

"మరి పిల్లలేరి?"

"ఈ చిల్లులోంచి వెలుతురు చాలా నిదానంగా వస్తుంది మేడమ్. నాలుగు నిమిషాలూ కదలకుండా ఉన్నవే పడతాయి. పిల్లలు పరిగెడుతున్నారు కాబట్టి..."

"మూడు వందల మంది ఉన్న బడిని ఖాళీగా చూపించే యంత్రమన్నమాట. తనిఖీకి వచ్చినవాళ్ళు దీన్ని చూస్తే బడి మూసేశామనుకుంటారు. సోమవారం పన్నెండింటిలోగా మనుషులున్న ఫోటో తెండి. లేదా గది తాళం తెండి."

శుక్రవారం టీచర్లను వరసలో నిలబెట్టి చూశారు. లెక్కల టీచరు అర నిమిషానికే నవ్వారు. ఆవిడను చూసి తెలుగు మాస్టారు నవ్వారు. నిటారుగా నిలబడడంలో తనను మించినవాడు లేడన్న డ్రిల్లు మాస్టారు రెండుసార్లు వీపు గోక్కున్నారు.

అందుకే ఈ బిస్కెట్ డబ్బా. శీతల పానీయం డబ్బా రేకును కత్తిరించి, పదో నంబరు సూదితో పొడిచి, గరుకు కాగితంతో నునుపు చేసి, చిల్లు మీద టేపు ముక్క తలుపులా అంటించారు. సోమవారం పిల్లలకు సెలవు. టీచర్లు పరీక్ష పేపర్లు దిద్దడానికి వచ్చారు. మాస్టారు డబ్బాలో కాగితం ఎక్కించి, "తెరవకూడదు. కదపకూడదు. లోపలికి వెలుతురు పోకూడదు" అని రాసి స్టాఫ్ రూము బల్ల మీద పెట్టి, ఫోటోకు బెంచీ దొరుకుతుందేమోనని పై అంతస్తుకు వెళ్ళారు.

అప్పుడే మంచినీళ్ళు పెట్టడానికి అటెండరు వచ్చారు. రిటైర్మెంటు దగ్గరపడిన పెద్దాయన. బల్ల తుడవాలి కాబట్టి డబ్బాను ఎత్తారు. లోపల కాగితం అంచు రేకుకు రాసుకుని సరసరమంది. కిందటి నెల ఇలాంటి డబ్బాలోనే సైన్సు మాస్టారు పిల్లలకు చూపించడానికి తేలును తెచ్చారు. ఇది దానికి మూడింతలుంది.

"డ్రిల్లు మాస్టారూ, ఇందులో ఏదో ప్రాణి ఉందండీ" అన్నారు అటెండరు మెల్లగా.

"ఏం ప్రాణి?"

"కాళ్ళున్న చప్పుడు కాదండీ. జరజరా పాకుతోంది."

డ్రిల్లు మాస్టారు కుర్చీ వెనక్కి జరిపారు. ఆ మాట గది ఆ చివరికి వెళ్ళేసరికి పాము అయింది. లెక్కల టీచరు చెవిన పడేసరికి రెండయ్యాయి. హెడ్‌మిస్ట్రెస్ గదికి చేరేసరికి గుడ్లు కూడా పెట్టింది. ఆవిడ అందరినీ బయటికి నడిపించి, తాను ముందు నిలబడి, డబ్బాను బయట పెట్టమన్నారు. అటెండరు దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి కుళాయి గట్టు మీద దించారు. తర్వాత, పాపం ఊపిరి ఆడదేమోనని, చిల్లు మీదున్న టేపు ముక్క లాగేశారు.

"ఏమయ్యా, తలుపు తీసి మా వైపు తిప్పావా?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"మరి నా వైపు తిప్పుకోమంటారా? అందులో సూది కూడా దూరదు లెండి."

"పాముపిల్ల దూరుతుంది."

"ఎవరూ కదలకండి. కదలిక వల్లే దానికి మనం ఉన్నామని తెలుస్తుంది. అటెండరూ, కర్ర తే" అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

పదకొండు మందీ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. అటెండరు మాత్రం పరుగున వెళ్ళి కర్ర తెచ్చారు. కర్ర చాలదన్నారు, గోనెసంచి తెచ్చారు. సంచికి తాడు వద్దా అన్నారు, తాడుకు వెళ్ళారు.

బెంచీ దొరక్క ఒట్టి చేతులతో దిగి వచ్చిన సైన్సు మాస్టారు వరండాలో ఆగిపోయారు. ఎండ, చిల్లు తెరిచిన డబ్బా, దాని ముందు పదకొండు విగ్రహాలు. తాడుతో పోతున్న అటెండరును పట్టుకున్నారు.

"బాబాయ్, ఆ టేపు ఎప్పుడు తీశారు?"

"ఇప్పుడే మాస్టారూ. ఒక నిమిషమైందేమో. మీ పాము జాగ్రత్తగానే ఉంది."

మాస్టారికి అర్థమైంది. అబద్ధమాడడం ఆయనకు చేతకాదు. నిజం చెబితే అందరూ కదులుతారు. డబ్బాలో ఉన్నది ఆఖరి ఫోటో కాగితం. పన్నెండింటికి గది పోతుంది.

హెడ్‌మిస్ట్రెస్ పెదవులు కదలకుండా అడిగారు. "మాస్టారూ, అందులో ఏముంది?"

"అంతా చెప్తాను మేడమ్. మూడు నిమిషాలు మాత్రం ఎవరూ కదలకండి."

"కదిలితే?"

"కదిలితే నా ఏడాది కష్టం పోతుంది మేడమ్."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందరూ పాము గురించే అనుకున్నారు. తెలుగు మాస్టారు కళ్ళు మూసుకున్నారు. లెక్కల టీచరు ముక్కు మీద ఈగ వాలింది, ఆవిడ దాన్ని అక్కడే ఉండనిచ్చారు. డ్రిల్లు మాస్టారి వీపు ఎంత దురద పెట్టిందో ఆయనకే తెలియాలి. గడియారం చూసుకుంటూ నిలబడిన మాస్టారు సమయం కాగానే పక్కనుంచి వెళ్ళి చిల్లు మీద టేపు నొక్కారు.

"అయిపోయింది. ఇక కదలొచ్చు."

"చచ్చిపోయిందా?" అన్నారు లెక్కల టీచరు.

"లేదండీ, ఫోటో పడింది."

మాస్టారు విషయమంతా చెప్పారు. హెడ్‌మిస్ట్రెస్ చెయ్యి చాపారు. "గది తాళం ఇవ్వండి."

"ఇస్తాను మేడమ్. పదకొండున్నరే అయింది. పన్నెండింటి దాకా నాదే కదా."

ఆవిడ కూడా వెంట వచ్చారు. ఆవిడ వెనక మిగతా పదిమందీ. ఎర్ర బల్బు వెలుగులో, మందు నీళ్ళ పళ్ళెంలో కాగితం మీద మొదట వెనక గోడ, తర్వాత మనుషులు తేలారు. ముఖాలు నల్లగా, జుట్టు తెల్లగా.

"పావుగంటలో నన్ను ముసలిదాన్ని చేశారు" అన్నారు లెక్కల టీచరు.

"మొదటి బొమ్మ ఇలా తిరగబడే వస్తుందండీ" అని మాస్టారు దాన్ని ఆరబెట్టి, పక్క టీచరు సెల్‌ఫోనులో ఫోటో తీయించి, రంగులు తిరగేసి చూపించారు. పదకొండు మందీ ఉన్నారు. డ్రిల్లు మాస్టారి చొక్కా గుండీలు లెక్కపెట్టవచ్చు. అందరికంటే ముందు, తల ఎత్తుకుని, పామునైనా సెలవు చీటీ అడిగేలా హెడ్‌మిస్ట్రెస్ ఉన్నారు.

ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని చూశారు.

"నేను భయపడినట్టు లేదే."

"ఎక్కడా లేదు మేడమ్."

"తాళం మీ దగ్గరే ఉంచుకోండి. బెంచీలు డ్రిల్లు మాస్టారి గదిలో పెట్టించండి."

"నా గదిలోనా?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"కదలకుండా నిలబడడం నేర్చుకున్నారుగా, మీకు తక్కువ చోటు చాలు."

ఆ నెల తనిఖీకి వచ్చిన అధికారి ఫోటో ముందు ఆగి, ఇంత క్రమశిక్షణగల సిబ్బందిని తన సర్వీసులో చూడలేదని పుస్తకంలో రాశారు. ఇంకో రెండు బళ్ళ నుంచి పిల్లలు డబ్బాలు పట్టుకుని ఆ ప్రయోగశాలకు వస్తున్నారు.

ఫోటోకు చట్రం కట్టిన రోజున అటెండరు దాన్ని తుడిచి, వెతికి వెతికి అడిగారు. "నేనేనా మాస్టారూ, ఇందులో లేనిది?"

"మీరు పరిగెడుతూనే ఉన్నారు బాబాయ్. పరిగెత్తినవాళ్ళు ఇందులో పడరు."

మీరెప్పుడైనా ఆ బడికి వెళితే హెడ్‌మిస్ట్రెస్ గది గోడ మీద ఆ ఫోటో చూడండి. పదకొండు మంది ధైర్యవంతులు కనిపిస్తారు. పన్నెండో మనిషిని కూడా కాస్త గుర్తుంచుకోండి. పాముందనుకుని కూడా ఆ డబ్బాను చేత్తో పట్టుకున్నది ఆయనొక్కరే.