తువ్వాలు కింద డ్రాగన్

తిరువూరు మొత్తం మీద ముక్క పట్టి వెంకటప్పయ్యను ఓడించినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆయన ఆటకు కూర్చుంటే కట్టలోని రాజులు సైతం లేచి నిలబడతారని చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పుకునేది ఆయనే.

ఆ ఆదివారం పొద్దున ఆయన పెట్టుకున్న పనులు పెద్దవేం కావు. ఇడ్లీ తినాలి. రెడ్డిగూడెం తోట కాపు మాట్లాడుకోవడానికి వస్తానన్న మామిడి వ్యాపారి ఉమాశంకర్‌తో బేరం తేల్చుకోవాలి. ఈలోగా మనవరాలు హాసిని అడిగినదానికి కుదరదని చెప్పాలి. ఇంజినీరింగు చదివే ఆ పిల్ల డ్రాగన్లూ మంత్రగత్తెలూ ఉండే కార్డుల ఆట పోటీకి హైదరాబాదు వెళ్తానంటోంది. కొడుకూ కోడలూ ఆ నిర్ణయాన్ని పెద్దాయన మీదకు తోసి తప్పుకున్నారు.

"ఆడపిల్లని పేకాటకి పంపించానంటే బజార్లో నన్నేమంటారే?"

"ఒక్కసారి ఆడి చూడు తాతయ్యా. నేను గెలిస్తే వెళ్తా. ఓడిపోతే మళ్లీ ఆ మాటే ఎత్తను."

ముక్కలాటకు పిలిస్తే ఆయన కాదనలేడని ఆ పిల్లకు తెలుసు. నలుగురు కావాలంటే ఆయన భార్య శివపార్వతి, ఆవిడ తమ్ముడు గిరిబాబు కూడా వచ్చి కూర్చున్నారు. ఎవరి కట్ట వారిదే. ముక్కల్లో పడ్డ జంతువులను బల్ల మీద పరిచి, తన వంతు వచ్చినప్పుడు నచ్చినవాళ్ల మీదకు తోలాలి. చివరికి మిగిలినవాళ్లది గెలుపు. కట్టలో తీయడానికి ముక్క లేకపోయినా ఓడినట్టేనని హాసిని చెప్పింది గానీ, ఆ సమయానికి వెంకటప్పయ్య మీసం సర్దుకుంటున్నాడు.

కాసేపటికే ఆయనకు ఏడుతలల డ్రాగన్ పడింది. అది ఉన్నంతసేపూ ప్రతి వంతుకూ ఒక ముక్క బదులు మూడు తీసుకుని తీరాలి. ఇస్తానంటే వద్దనేదెవరు?

"ఇంక మీరు లేచి వంట చూసుకోవచ్చు" అన్నాడు.

ఎవరూ లేవలేదు. ముగ్గురి చూపులూ వచ్చి డ్రాగన్ మీద వాలాయి. రమ్మీలో ఎవడి బతుకు వాడిది. ఇక్కడ ముగ్గురూ ఒక్కటైతే ఏడు తలలున్నా చాలవు. కాసిన చెట్టుకే రాళ్లదెబ్బలని తోటలున్న మనిషికి వేరే చెప్పాలా?

అప్పుడాయనకు భుజం మీది తువ్వాలు గుర్తొచ్చింది. మామిడి బేరాల్లో ధర పైకి చెప్పరు. తువ్వాలు కప్పి, చాటున వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. అక్కడ నొక్కిన చెయ్యి తర్వాత కాదన్నవాడితో మళ్లీ ఎవరూ బేరమాడరు. శివపార్వతి కుక్కరు దించడానికి లేవగానే ఆయన గిరిబాబు చేతి మీద తువ్వాలు కప్పి, నువ్వు నా జోలికి రాకు, నేను నీ జోలికి రానని చెవిలో చెప్పి నొక్కాడు. ఫోను మోగి గిరిబాబు వరండాలోకి వెళ్లగానే భార్య చేతిలోనూ అదే మాట పెట్టాడు. ఆవిడ తాలింపుకని వెళ్లాక మనవరాలి చెయ్యి పట్టాడు. హాసిని చిన్నగా నవ్వి, తనూ గట్టిగా నొక్కింది.

సరిగ్గా అప్పుడే ఉమాశంకర్ గుమ్మంలోకి వచ్చాడు. మామిడి రోజులు, వెంకటప్పయ్య తువ్వాలు, దానికింద రెండు చేతులు. వ్యాపారి మొహం మాడిపోయింది.

"నన్ను రమ్మని తోట వేరేవాళ్లకి ఇచ్చేశారాండీ?"

వరండాలో ఉన్న గిరిబాబు ఫోను పెట్టేసి లోపలికొచ్చాడు. ఆ తోట అక్కాతమ్ముళ్లకు తండ్రి నుంచి వచ్చింది. "తోట ఇచ్చేశారా? మాకు చెప్పకుండానా బావా?"

శివపార్వతి గరిటెతోనే వచ్చింది. "మా నాన్న తోటకి చాటు బేరమేంటండీ?"

వెంకటప్పయ్యకు నిజం చెప్పక తప్పలేదు. "బేరం తోటది కాదు. డ్రాగన్‌ది."

"ఆ మాట నాకిచ్చారుగా" అన్నాడు గిరిబాబు.

"నాక్కూడా" అంది శివపార్వతి.

ఉమాశంకర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాఫీ వచ్చింది. ఆయన తాగుతూ ఆట చూడసాగాడు. వెంకటప్పయ్యకు వచ్చిన చిక్కల్లా అదే. డ్రాగన్‌ను ఎవరి మీదకు తోలినా ఆట ఆయనదే. కానీ మామిడి వ్యాపారి కళ్లముందు తువ్వాలు మాట తప్పితే, రెడ్డిగూడెం నుంచి పెనుగొలను దాకా ఆయనకు చెయ్యి అందించేవాడుండడు. ఏడుతలల డ్రాగన్ కాడి దింపిన ఎద్దులా బల్ల మీద పడుకుంది.

మిగతా ముగ్గురికీ ఆయనతోనే ఒప్పందం. వాళ్లలో వాళ్లకు లేదు. శివపార్వతి చిన్ననాటి బాకీలన్నీ గుర్తుపెట్టుకుని తమ్ముడిని పడగొట్టింది. అలసిపోయిన నానమ్మను హాసిని పడగొట్టింది. చివరికి తాతామనవరాళ్లే మిగిలారు. ఒకరినొకరు కొట్టుకోవడానికి లేదు. వంతు వస్తోంది, పోతోంది. ఆ పిల్ల ఒక్కో ముక్కే తీస్తోంది. ఈయన మూడేసి తీస్తున్నాడు. కాసేపటికి ఆయన వేళ్లకు ఉత్త బల్ల తగిలింది.

"ముక్కలేవే?"

"అయిపోయాయి తాతయ్యా. నువ్వు ఓడిపోయావు."

వెంకటప్పయ్య చేతినిండా ఉన్న ముక్కల వంక చూసుకున్నాడు. అన్నీ మంచివే. జన్మలో అంత మంచి చెయ్యి పడలేదు.

"నీకు ముందే తెలుసా?"

"డ్రాగన్ పడ్డప్పుడే. అందుకే నొక్కాను." ఆ పిల్ల ముక్కలు సర్దుతూ అంది: "నేను ఒక్కరికే మాటిచ్చాను. నువ్వు ముగ్గురికిచ్చావు."

ఆయన చేతిలోని ముక్కలు బల్ల మీద పెట్టేశాడు. ఇన్నేళ్ల బేరాల్లో తను మాట తప్పలేదని గర్వపడ్డాడే తప్ప, ఆ మాట ఎవరెవరికి, ఎందుకు ఇస్తున్నాడో ఎన్నడూ ఆలోచించుకోలేదు. మాట నిలబెట్టుకోవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోదగ్గ మాట ఇవ్వడం ఒక ఎత్తు.

ఉమాశంకర్ కప్పు కింద పెట్టాడు. "ఆటలోనే మాట తప్పని మనిషి, కాపు దగ్గర తప్పుతారాండీ" అంటూ చెయ్యి చాపాడు.

వెంకటప్పయ్య అలవాటుగా తువ్వాలు తీయబోతే గిరిబాబు లాగేసుకున్నాడు. "ఈ బేరం పైకే కానివ్వండి బావా." అక్కాతమ్ముళ్ల ఎదుటే పైకి మాట్లాడి ఒప్పుకున్నాక, వెంకటప్పయ్య ఆ తువ్వాలు మడిచి హాసిని సంచిలో పెట్టాడు. హైదరాబాదులో పనికొస్తుందట.

కాబట్టి ఆయన్ను ఓడించినవాడు పుట్టలేదన్న మాట కొట్టేయండి. మిగతాదంతా జరిగిందే. నేను కల్పించింది ఒక్కటే: ఆ డ్రాగన్‌కు ఉన్నది ఒకే తల. అంత చిన్న జంతువును నమ్ముకుని వెంకటప్పయ్య ఓడాడంటే బాగుండదని మిగతావి నేనే అతికించాను.