నోరు మూసుకుని తినండి!

భోజనం దగ్గర మాట్లాడేవాళ్ళని జైల్లో పెట్టాలి!

ఆవేశపడి అంటున్న మాట కాదిది. బాగా నమిలి, నమిలినదాన్నే మళ్ళీ నమిలి, మింగి, మంచినీళ్ళు తాగి మరీ అంటున్నాను. మనిషి మానసిక ఆరోగ్యానికి పక్కవాడు చేసినంత చేటు ఇంకెవరూ చెయ్యరు. వాడు పలకరిస్తాడు. మనం పలుకుతాం. ఆ సందడిలో నోట్లో ఉన్న క్యారట్ ముక్కని పట్టించుకోవడం మరిచిపోతాం. దాని మనసెంత నొచ్చుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా?

నవ్వుతున్నారు కదూ? నవ్వండి! కిందటి చలికాలం దాకా నేనూ మీలాంటి అజ్ఞానినే. మంచు తోసే బండ్లకి బ్లేడ్లు తయారుచేసే కంపెనీ మాది. డులూత్ ఊరు దాటి ఇంకా ఉత్తరానికి రావాలి. అక్కడ మా భోజనాల గదిలో ఓ పొడుగాటి బల్ల ఉండేది. మధ్యాహ్నం కాగానే అందరం దాని చుట్టూ చేరి డబ్బాలు విప్పేవాళ్ళం. ఎవరేం తెచ్చారో తొంగిచూడటం, దానికి వంకలు పెట్టడం, వంక పెట్టినదాన్నే రెండోసారి వడ్డించుకోవడం! సరస్సు మీద మంచుగడ్డ ఎంత మందాన కట్టింది, తొందరపడి దాని మీదికెళ్ళి ఎవడు ట్రక్కుతో సహా మునిగాడు, ఇవీ మా కబుర్లు. ఛీ ఛీ, తలుచుకుంటేనే సిగ్గేస్తోంది.

ఆ బల్ల చివర వెర్లిన్ కూర్చునేవాడు. స్టోర్స్ చూస్తాడు. ఆకులు రాలే రోజుల్లో వాళ్ళావిడ జోయాన్ పోయింది. అప్పట్నుంచీ ఇంట్లో పొయ్యి వెలిగించడం లేదనీ, రాత్రిపూట సింకు ముందు నిలబడి డబ్బాలోంచి చేపముక్కలు తింటున్నాడనీ ఊరందరికీ తెలుసు. మనుషుల మధ్య కూర్చుని అతను తినేది మధ్యాహ్నం ఆ ఒక్క పూటే. అదైనా అంత తేలిగ్గా తినేవాడా? జీతాల లెక్కలు చూసే ఆర్డిస్ అనే ఆవిడ రోజూ ఓ యుద్ధం చెయ్యాల్సి వచ్చేది.

"వెర్లిన్, కాస్త హాట్‌డిష్ వేసుకో. కింద మాంసం, పైన ఆలూ ముక్కలు కరకరలాడుతున్నాయి."

"అబ్బే, వద్దులే ఆర్డిస్. పొద్దున బాగా తిన్నా."

"ఏం తిన్నావ్, బిస్కెట్టా? కొంచెమే పెడతాలే."

"మళ్ళీ నీకు మిగలదేమో."

"నాకు మిగిలితే మా ఇంట్లో కుక్క తింటుంది. పట్టు కంచం, నాటకాలాడకుండా!"

"సరే, నువ్వంతగా అంటున్నావు గనక..."

ఇక చూడాలి! కంచం అడుగున పువ్వుల బొమ్మ కనిపించేదాకా తినేవాడు. వెర్లిన్ ఒక్కడనే కాదు, మా ఉత్తరాది వాళ్ళందరిదీ ఇదే రోగం. మొదటిసారి అడిగితే వద్దంటాం. రెండోసారి అడిగితే "మీకెందుకు శ్రమ" అంటాం. మూడోసారి మెడ మీద కూర్చుంటే అప్పుడు నోరు తెరుస్తాం. ఇల్లు తగలబడుతుంటే ఫైరింజన్ వచ్చినా ముందు "అయ్యో, ఇంత చలిలో మీరెందుకొచ్చారు పాపం" అనే మనుషులం మేం!

ఇలాంటి అనాగరికుల్ని ఉద్ధరించడానికి మినియాపోలిస్ హెడ్డాఫీసు వాళ్ళు కెండ్రాని పంపించారు. ఆవిడ వెల్‌నెస్ కోచ్. మంచు ఎరగని అరిజోనా మనిషి. ఎప్పుడూ ప్రశాంతంగా ఉంటుంది. పార్కింగ్‌లో జారిపడినప్పుడు కూడా ప్రశాంతంగానే జారింది.

మొదటి పాఠం ఎండుద్రాక్ష. తలా ఒకటి అరచేతిలో పెట్టింది. దాన్ని చూడాలి. వాసన చూడాలి. చెవి దగ్గర పెట్టుకుని వినాలి. ఆ తర్వాత నాలుక మీద ఉంచుకుని, అది ఏ తోటలో పుట్టిందో, ఏ ఎండకి ఎండిందో ధ్యానించాలి. మేమంతా ఇంకా చెవి దగ్గరే ఉన్నాం, వెల్డింగ్ చేసే ఆర్లో చెయ్యెత్తాడు.

"నాది అయిపోయిందండీ. ఇంకోటి ఉందా?"

"అయిపోవడమేంటి? ఇంకా వినమనే కదా అన్నాను!"

"మేం ఎనిమిదిమంది పిల్లలమండీ. చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఇంత ఎదిగేవాణ్ణా?"

చూశారా, ఎంత మొండి రోగులమో! అయినా కెండ్రా విసుక్కోలేదు. మర్నాటికల్లా మా పొడుగు బల్ల మాయమైంది. దాని బదులు గోడ పొడవునా ఒక్కొక్కరికి ఒక్కో చిన్న బల్ల, ఒక్కో కుర్చీ, ఎదురుగా వేలాడే ఓ వెదురుపొద బొమ్మ. గోడవైపు తిరిగి, మౌనంగా, ప్రతి ముద్దకీ మనసు పెట్టి తినాలి. ఎంత హాయి! ఎవడి డబ్బాలో ఏముందో ఎవడికీ తెలియదు. ఎవడు ఏడుస్తున్నా, నవ్వుతున్నా వెనకనుంచి ఒకేలా ఉంటాడు. సుఖం అంటే అది కాక ఇంకేమిటి?

ఆర్డిస్ హాట్‌డిష్ తేవడం మానేసింది. "గోడకి వడ్డించమంటావా గోర్డీ?" అని నామీద ఎగిరింది. ఆధ్యాత్మికంగా ఎదగని మనిషి, ఏం చేస్తాం!

అన్నిటికంటే గొప్పది ఫోన్లో పెట్టిన యాప్. అబ్బ, ఎంత శ్రద్ధ దానికి! కన్నతల్లి కూడా రోజూ అన్ని ప్రశ్నలు అడగదు. ఆకలి తీరిందా? మౌనంగా తిన్నారా? మనసెలా ఉంది? ఎవరితోనైనా మాట్లాడాలని ఉందా? మనం నొక్కడం ఆలస్యం, ఓ పచ్చటి ఆకు మొలుస్తుంది. రోజంతా మంచి జవాబులిస్తే చెట్టవుతుంది.

వెర్లిన్ ఫోన్లో అడవి మొలిచిందంటే నమ్ముతారా?

ఆకలి తీరిందా? తీరింది. మనసెలా ఉంది? బాగానే ఉంది. ఎవరితోనైనా మాట్లాడాలని ఉందా? అక్కర్లేదు. టకటకా నొక్కేసేవాడు. ఆకు మీద ఆకు! మూడోసారి బతిమాలించుకునే పాత జబ్బు ఎగిరిపోయింది. డబ్బాలో రెండు బిస్కెట్లు తెచ్చుకునేవాడు. అందులో ఒకటి మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళేవాడు. ఎంత నిగ్రహం! ప్యాంటు జారకుండా బెల్టుకి మేకుతో కొత్త కన్నం పొడుచుకున్నాడు. కొన్నాళ్ళకి దాని పక్కన ఇంకో కన్నం. కెండ్రా అయితే అతన్ని చూపించి, నేర్చుకోండి అనేది.

ఫిబ్రవరిలో అందర్నీ ఒకచోట చేర్చి 'ఆరోగ్య తార' బహుమతి ప్రకటించారు. ఇంకెవరికి? మా వెర్లిన్‌కే! బరువు తగ్గినందుకు, మౌనం పాటించినందుకు, ఒక్క రోజు కూడా మనసు బాగాలేదని చెప్పనందుకు. బహుమతి ఏమిటో తెలుసా? ఒక్క మనిషికి సరిపడే స్టీలు భోజనం డబ్బా. అందరం చప్పట్లు కొట్టాం. వెర్లిన్ లేచి నిలబడి, ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకున్నాడు.

"మీ విజయ రహస్యం ఏమిటో మా అందరికీ చెప్పండి," అంది కెండ్రా.

వెర్లిన్ డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మళ్ళీ పెట్టాడు.

"రహస్యమేం లేదమ్మా," అన్నాడు. "ఎవరూ మళ్ళీ అడగలేదు, అంతే."

మళ్ళీ చప్పట్లు కొట్టబోయి, ఎత్తిన చేతులు దించుకున్నాం.

"కానీ యాప్ రోజూ అడుగుతోంది కదా!" అంది కెండ్రా. పాపం, నిజంగానే కంగారుపడింది. "మాట్లాడాలని ఉందా అని అడిగితే మీరే అక్కర్లేదన్నారు!"

"అది ఒక్కసారే అడిగిందమ్మాయ్!" అంటూ లేచింది ఆర్డిస్. "ఒక్కసారి అడిగితే ఈ ఊళ్ళో ఎవడు ఔనంటాడు? ఆయన పెళ్ళి ఎలా అయిందనుకున్నావ్? జోయాన్ మూడుసార్లు అడిగితే అయింది!"

వెర్లిన్ నవ్వాడు. జోయాన్ పోయాక అతను నవ్వగా చూడటం అదే మొదలు. "నాలుగు," అన్నాడు.

ఇక ఆగుతుందా ఆర్డిస్? తిన్నగా స్టోర్స్‌లోకి నడిచింది. మా పొడుగాటి బల్ల అక్కడే ఉంది, బోల్టుల పెట్టెల కింద. ఆర్లోనూ నేనూ పెట్టెలు దించాం. మర్నాడు మధ్యాహ్నం దాని మీద హాట్‌డిష్ పొగలు కక్కుతోంది. పక్కన, క్యారట్ తురుము వేసి గడ్డకట్టించిన జెల్లీ, మా వాళ్ళు సలాడ్ అని పిలుచుకునే పదార్థం. కెండ్రా కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాకు వద్దండీ, థాంక్స్," అంది.

"కొంచెమే పెడతాలే," అంది ఆర్డిస్.

"నిజంగానే వద్దండీ."

"పట్టు కంచం!"

ఆవిడ రెండు కంచాలు తింది. జెల్లీ మాత్రం చెవి దగ్గర పెట్టుకుని వినమన్నా వినలేదు.

పాఠకుల్లారా, ఇదంతా చదివి వెల్‌నెస్ కార్యక్రమం మూతపడిందనుకునేరు! అపచారం! గోడ దగ్గర చిన్న బల్లలు ఉన్నచోటే ఉన్నాయి, వెదురు బొమ్మలు గాలికి ఊగుతున్నాయి. యాప్‌ని మేం ప్రాణంలా చూసుకుంటున్నాం. హెడ్డాఫీసు లెక్కల ప్రకారం రాష్ట్రం మొత్తంలో ప్రశాంతమైన శాఖ మాదేనట.

నిన్న మధ్యాహ్నం కూడా అంతే. ఆర్లో ట్రక్కు మునిగిన కథ చెబుతున్నాడు, ఈసారి మునిగింది వాడిదే. బల్ల చుట్టూ అందరం పడీపడీ నవ్వుతున్నాం. వెర్లిన్ "అబ్బే, వద్దులే" అంటున్నాడు, ఆర్డిస్ గరిటె ఎత్తి నిలబడి ఉంది. అప్పుడు అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి.

మౌనంగా తిన్నారా?

తిన్నాం అని నొక్కాం, అందరం. ఆకులు మొలిచాయి. బంగారం లాంటి యాప్ అండీ, రెండోసారి అడగదు. వెర్లిన్ ఒక చేత్తో నొక్కుతూనే రెండో చేత్తో కంచం ముందుకు చాపాడు.