పన్నెండు మంది ప్రముఖులు, ఆరని రంగు

వరండా బోర్డు మీదున్న పన్నెండు మంది ‘ప్రముఖ పూర్వ విద్యార్థుల’లో ఒక్కరు కూడా ఆ బడిలో చదవలేదని హెడ్మిస్ట్రెస్ కనిపెట్టేసరికి, ఆ బోర్డును తనిఖీ చేసే అధికారి రావడానికి గంటే ఉంది.

పదిమంది ప్రముఖులనైనా తయారుచేయని ప్రభుత్వ హైస్కూలును మూసేయాలని కొత్త ఉత్తర్వు. ఎంత ముందుచూపు! ల్యాబు కప్పు కారితే బకెట్ పెట్టుకోవచ్చు. ప్రముఖుడు లేకపోతే ఏం పెట్టుకుంటాం?

ఆమె అడ్మిషన్ రిజిస్టర్లన్నీ తిరగేసింది. సర్జన్ లేడు. జడ్జి లేడు. విమానం నడిపే ఆవిడ ఈ గేటు దాటింది ఒక్కసారే, వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా. అప్పుడు తట్టింది. పన్నెండు మందీ గత పన్నెండేళ్ళ ముఖ్య అతిథులే.

అయితే మాత్రం తప్పేముంది? సొంత విద్యార్థి అయితే పాత మార్కులు బయటికొస్తాయి. అతిథికి ఆ బెడద లేదు. లెక్కల్లో తప్పలేదు, బెంచీ విరగ్గొట్టలేదు, పక్కవాడి టిఫిన్ డబ్బా ఖాళీ చేయలేదు. ఇంతకన్నా ఆదర్శ విద్యార్థి ఎక్కడ దొరుకుతాడు?

బోర్డు రాసేది ముసలి అటెండరు. ఆమె పిలిపించింది.

“ఎవరు రాయమన్నారు బాబాయ్? మూడొందల మంది పిల్లలు రోడ్డున పడతారు.”

అతను చేతికంటిన తెల్లరంగు గుడ్డతో తుడుచుకున్నాడు.

“ఎవరూ రాయమనలేదు, నేనే రాశానమ్మా. ముందు ఇక్కడ చదివిన మనవాళ్ళనే రాశాను. ల్యాబుకి ఊరికే రేకులేసిన వెల్డరు, పిల్లలకి జ్వరమంటే పరిగెత్తుకొచ్చే నర్సు, మీరెక్కే బస్సు డ్రైవరు. పైఅధికారి చూసి, ‘వీళ్ళా ప్రముఖులు? చెరిపెయ్’ అన్నాడు. చెరిపేశాను. మరి ఖాళీ బోర్డు బాగోదు కదా. ఏటా వచ్చిన పెద్దమనిషి మైకు పట్టుకుని ‘నేనూ ఈ బడి బిడ్డనే’ అంటాడు. మైకులో చెప్పాక మనమెవరం కాదనడానికి? రాసేశాను. వాళ్ళూ చూసి, పక్కన నిలబడి ఫొటో దిగారే గానీ, నాది ఈ బడి కాదన్నవాడు లేడు.

ఆ చెరపమన్న ఆయనే ఇవాళ వచ్చేది. ఆయనా ఇక్కడే చదివాడమ్మా, పదో తరగతి రెండుసార్లు. ‘నా పేరు మాత్రం రాయకు, ఈ బళ్ళో చదివానని తెలిస్తే పరువు పోతుంది’ అని నన్ను బతిమాలాడు. ఇన్నాళ్ళూ రాయలేదు. ఇందాక మీరు రిజిస్టర్లలో ఉన్నప్పుడు పదమూడో పేరుగా రాసేశాను. ఆ బోర్డు మీద నిజం అదొక్కటే. రంగింకా ఆరలేదు, ఆయన్ని చెయ్యి పెట్టనివ్వకండి.”